నాలుగో మజిలీలో గౌన్లక్క

శనివారం పొద్దున్నే పెరట్లో నల్లగౌన్లు ఆరేస్తున్న గౌన్లక్కకి గోడవతల నుంచి మైకులో ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"మిత్రులారా, మన నాలుగో మజిలీ ఇదే. ఈ ఇంట్లోనే ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ప్రేమించుకుంటూ జీవితమంతా గడిపారు."

గౌన్లక్క నోట్లో బట్టల క్లిప్పు ఉంది. దాన్ని తీయకుండానే పక్కింటి వైపు చూసింది. ఆ ఇంట్లో ఉండేది లెక్కల మాస్టారూ, ఆయన తల్లీ. ఆ తల్లి కన్నకొడుకుతోనే నవ్వుతూ మాట్లాడినట్టు దాఖలా లేదు. ఇంకో పక్క ఇల్లు ఖాళీ. మరి ఏ ఇల్లబ్బా ఇది అని మునివేళ్ళ మీద లేచి గోడ మీంచి చూస్తే, వీధిలో పాతికమంది దాకా కుర్రకారు నిలబడి, నోళ్ళు తెరుచుకుని, తన వంటింటి కిటికీ కేసే చూస్తున్నారు. ఒకడు ఫోనెత్తి ఫోటో కూడా తీశాడు. కిటికీ పక్క తీగ మీద రెండు పాత బనియన్లు ఆరుతున్నాయి. వాటికి చిల్లులున్నాయి. ఆ చిల్లులు ఫోటోలో పడ్డాయే అని గౌన్లక్క ప్రాణం ఉసూరుమంది. ప్రేమ మాట ఆ తర్వాతే చెవికెక్కింది. ఎక్కాక మాత్రం దిగలేదు.

ఆవిడ పని యూనివర్సిటీలో గౌన్లు చూసుకోవడం. పట్టాలిచ్చే సభకి పిల్లలూ పంతుళ్ళూ వేసుకునే నల్లగౌన్లన్నీ ఆవిడ అధీనంలో ఉంటాయి. పరిపాలనా భవనం నేలమాళిగలో ఆవిడ గది. కొత్తవి కుట్టడం, చిరిగినవాటికి మాసిక వేయడం, పొడుగువాళ్ళకి అంచు విప్పడం, పొట్టివాళ్ళకి మడిచి కుట్టడం, సభ అయ్యాక చెమట కంపు కొట్టే గౌన్లని విడతలవారీగా ఇంటికి మోసుకొచ్చి ఉతకడం, ఇదీ ఆవిడ ఉద్యోగం. ఉతికే యంత్రం కావాలని అడగ్గా అడగ్గా ఆఫీసువాళ్ళు ఒకటి ఇచ్చారు. నేలమాళిగలో నీళ్ళ గొట్టం లేదు. ఆ యంత్రంలో ఆవిడ బొత్తాలు దాచుకుంటుంది.

ఆ బనియన్లు బ్రేకులక్కవి. బ్రేకులక్క యూనివర్సిటీ బస్సు డ్రైవరు. గేటు దగ్గర బయల్దేరి, ఆసుపత్రి మీదుగా హాస్టళ్ళు చుట్టి, మళ్ళీ గేటు దగ్గరికే వచ్చే బస్సు. మనిషి నిచ్చెనలా పొడుగు. చొక్కా ఇస్త్రీ నలగనివ్వదు. మాట మహా పొదుపు. ఆ పొదుపు చేసిందంతా బ్రేకు మీద ఖర్చుపెడుతుంది. ఆ పేరు అలా వచ్చిందే.

ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం పెట్టి ముప్ఫై ఏళ్ళవుతోంది. ఊరందరి లెక్కలో అక్కచెల్లెళ్ళు. అది కూడా వీళ్ళు చెప్పింది కాదు. ఉద్యోగుల ఇళ్ళు కుటుంబాలకే ఇచ్చే రోజుల్లో ఇద్దరూ ఎస్టేటు ఆఫీసు కౌంటరు ముందు నిలబడ్డారు. "ఈవిడ మీకేమవుతారు?" అని గుమస్తా అడిగాడు. గౌన్లక్కకి నోరు పిడచకట్టుకుపోయింది. అదే సమయానికి వెనక బ్రేకులక్క, తన కాలు తొక్కుతున్న ఎవరో ఆవిడతో "అక్కా, కాస్త జరుగుతారా" అంది. గుమస్తాకి మొదటి మాటే వినబడింది. "అక్కా? సరే" అని రాసేసుకుని తాళాలిచ్చాడు.

ఒకావిడ నిచ్చెన, ఒకావిడ నీళ్ళకాగు. అయినా రాసినదాని బలం చూడండి, అప్పట్నుంచి అందరికీ పోలికలు కనబడటం మొదలైంది. "ముక్కులు అచ్చుగుద్దినట్టున్నాయి" అనేవారు ఇరుగుపొరుగు. యూనివర్సిటీ ఆసుపత్రి డాక్టరైతే, బ్రేకులక్కకి షుగరు బయటపడగానే, "ఇది రక్తంలో ఉంటుంది, మీ ఇంట్లో అందరికీ వస్తుంది" అని గౌన్లక్కకి కూడా పథ్యం పెట్టాడు. కాదనడానికి దారి లేక ఆవిడ కూడా చేదు టీ తాగుతోంది.

తమ మధ్య ఉన్నదాన్ని ఏమంటారో వాళ్ళిద్దరూ ఏనాడూ అనుకోలేదు. లైటు స్విచ్చి మీద 'లైటు' అని రాసుకుంటామా? చెయ్యి వేస్తే వెలుగుతుంది, అంతే.

ఆ సాయంత్రం బ్రేకులక్క డ్యూటీ దిగి వచ్చి చొక్కా హ్యాంగరుకి తగిలిస్తుంటే గౌన్లక్క మెల్లగా కదిపింది.

"మనం ప్రేమించుకున్నామంట."

"ఎవర్ని?"

"మనల్ని మనమే. నువ్వు నన్నూ, నేను నిన్నూ. వీధిలో నిలబడి చెబుతున్నారు."

బ్రేకులక్క చొక్కా కాలరు సర్దింది. "అబద్ధమా?"

"అబద్ధమని కాదే! మైకులో చెబుతున్నారు."

"మైకులో చెబితే అబద్ధమవుతుందా?" అని బ్రేకులక్క స్నానానికి వెళ్ళిపోయింది. ఆవిడ లెక్కన అది పెద్ద ఉపన్యాసం.

గౌన్లక్క మాత్రం వారమంతా ఆ మాటనే చప్పరించింది. కుట్టేటప్పుడు కుట్టు తప్పింది. తత్వశాస్త్రం మాస్టారి గౌనుకి రెండు చేతులూ ఒకే వైపు వేసేసింది. ఆయన వేసుకుని చూసుకుని, "బాగుందమ్మా, ఏదో మార్పు చేసినట్టున్నారే" అని వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం ఆవిడ మఫ్లరు చుట్టుకుని, గేటు దగ్గర ఆ గుంపులో కలిసిపోయింది. గేటు కాపలా మనిషిని ఎవరు వీళ్ళని అడిగితే, "క్యూ సంఘం వాళ్ళు" అన్నాడు. "పిల్లలకి క్యూలో నడవడం నేర్పిస్తారంట. మంచిదే, ఈ రోజుల్లో ఎవరికి తెలుసు క్యూ అంటే?" అది క్వీర్ విద్యార్థుల సంఘం, అంటే ఆడపిల్లని ప్రేమించే ఆడపిల్లలూ, మగపిల్లాణ్ణి ప్రేమించే మగపిల్లలూ, అలాంటివాళ్ళంతా కలిసి పెట్టుకున్నది. వాళ్ళిచ్చిన కాగితంలో సగమే ఆయనకి అర్థమైంది, ఆ సగంతోనే గేటు తీశాడు.

మైకు పట్టుకున్న పిల్ల చరిత్ర విద్యార్థిని. బక్కపలచగా ఉంటుంది, గొంతు మాత్రం రైల్వే స్టేషనంత. మొదటి మజిలీ మగపిల్లల పాత హాస్టలు. ఒకే మంచం మీద పడుకున్నారని ఇద్దరు కుర్రాళ్ళని, పరీక్షలు జరుగుతుండగా, పెట్టెలతో సహా బయటికి పంపేసింది అక్కడే. గౌన్లక్కకి తెలుసు ఆ ఇద్దరూ. వాళ్ళలో ఒకడు గౌనుకి కొలతలిచ్చి వెళ్ళాడు, గౌను కోసం మాత్రం రాలేదు. భుజాలు కొలుస్తుంటే చక్కిలిగిలి అని తెగ నవ్వాడు.

రెండో మజిలీ లైబ్రరీ. సిమెంటు పరిశోధన పత్రికలుండే అరల వరస దగ్గర వాళ్ళలాంటివాళ్ళు కలుసుకునేవారట. ఎందుకంటే సిమెంటు గురించి చదవడానికి ఎవరూ రారు. ఒక ఏడాది నిజంగానే సిమెంటు చదివే పిల్లాడొకడు వచ్చి, అక్కడి జనాన్ని చూసి, ఈ శాస్త్రానికి ఎంత ఆదరణ అని మురిసిపోయి, ఒక సంఘం పెడదామని ప్రతిపాదించాడట. మూడో మజిలీ క్యాంటీనులో మూల బల్ల. అవతల గదిలో ప్లేట్లు కడిగే మోతకి ఆ బల్ల దగ్గర మాట్లాడింది పక్కవాళ్ళకి వినబడేది కాదు. అందుకే ఆ బల్ల. గౌన్లక్క ఉలిక్కిపడింది. తనూ బ్రేకులక్కా కొన్నేళ్ళపాటు అక్కడే తిన్నారు. ఆ బల్ల ఎప్పుడూ ఖాళీగా దొరుకుతుందే, మన అదృష్టం అనుకునేవారు తప్ప, చుట్టూ కూర్చున్నవాళ్ళు వీళ్ళకోసమే ఖాళీ ఉంచేవారని తట్టనే లేదు.

నాలుగో మజిలీ తన ఇల్లు. తన గుమ్మం ముందు తనే నిలబడి గౌన్లక్క తన కథ వింది.

"ఒక జడివాన రోజు," అంది మైకు పిల్ల, "బస్సు చెరువులా నిండిన రోడ్డు మీద ఆగిపోయింది. అందరూ దిగి వెళ్ళిపోయారు. ఒక్క దర్జీ అమ్మాయి మాత్రం దిగలేదు. ఇద్దరూ కలిసి బస్సుని తోశారు. తోస్తూ తోస్తూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు."

గౌన్లక్క ఉండబట్టలేకపోయింది. "ఆ రోజు వాన లేదమ్మా."

"మాకు ఆధారాలున్నాయండీ," అంది మైకు పిల్ల మర్యాదగానే. ఆ ఆధారం గేటు కాపలా మనిషి. ఆయనకి పాత కాపలా మనిషి చెప్పాడు.

నిజంగా జరిగింది వేరు. గౌన్ల మూట తలుపు సందులో ఇరుక్కుంటే చూసుకోకుండా బ్రేకులక్క బస్సు కదిలించింది. గౌన్లక్క మూట వదలకుండా పక్కనే పరిగెత్తింది. ఆసుపత్రి స్టాపులో బస్సు ఆగాక, ఎక్కి డ్రైవరుని నానా మాటలు తిట్టింది. ఇదీ గౌన్లక్క లెక్క. మూట ఇరుక్కోలేదు, తనే తాళ్ళు కట్టి వేలాడేసింది, పైగా తిట్టింది తననే కాదు, తన బస్సుని కూడా అని బ్రేకులక్క లెక్క. ముప్ఫై ఏళ్ళుగా తేలలేదు. ఈ రెండిటికంటే మైకు పిల్ల కథే నయంగా ఉందని గౌన్లక్కకి లోలోపల అనిపించింది కూడా.

గుంపులోంచి ఎవరో అడిగారు. "వాళ్ళిద్దరూ ఇప్పుడు ఉన్నారా?"

"లేరండీ. చాలా వెతికాం. పాత రికార్డులన్నీ తిరగేశాం. ఆచూకీ దొరకలేదు."

"ఈ ఇంటి తలుపు కొట్టారా?" అంది గౌన్లక్క.

మైకు పిల్ల గొంతు తగ్గించింది. "కొట్టలేదండీ. ఇప్పుడు ఇందులో ఎవరో అక్కచెల్లెళ్ళుంటున్నారట. పెద్దవాళ్ళు. ఇక్కడ ఇలాంటి ఇద్దరుండేవాళ్ళని చెబితే పాపం ఏ గుండెపోటో వస్తుందేమోనని ఊరుకున్నాం."

తామేనని చెప్పేస్తే అయిపోయేది. కానీ చెబితే ఆ పిల్ల ఆ మాట ఇంకోసారి మైకులో అనదేమో. గౌన్లక్కకి అది ఇంకోసారి వినాలని ఉంది.

అలా శనివారాలు గడిచాయి. ఈసారి తిక్క బ్రేకులక్క వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్ళలో ఏనాడూ బస్సు మైకు ముట్టుకోని మనిషి, ఒక శనివారం డ్యూటీ దిగిన నర్సులతో నిండిన బస్సుని దారి మళ్ళించి, ఆ వీధిలోకి తెచ్చి ఆపింది. మైకు తీసుకుని, "ఎడమవైపు కనబడేది చారిత్రక గృహం" అంది. నర్సులు కిటికీల్లోంచి తొంగిచూశారు. కిటికీలో గౌన్లక్క ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటోంది. పాపం, ఆ చరిత్ర తలుచుకుని ఏడుస్తోందని ఒక నర్సు కూడా కళ్ళు ఒత్తుకుంది.

ఇంతలో యూనివర్సిటీలకి మార్కులిచ్చే పెద్దల బృందం వస్తోందని కబురొచ్చింది. అన్ని రకాల మనుషులనీ కలుపుకుపోయే చోటుకి ఎక్కువ మార్కులట. ఎస్టేటు అధికారికి పై నుంచి ఫోనొచ్చింది. ఏదో ఒకటి చూపించాలి, అది కూడా వారంలో. ఆయన మంచివాడే. ఎప్పుడూ జలుబుతో ఉంటాడు, ఆడిట్ అంటే మాత్రం చలిజ్వరం. వారం తిరక్కుండా గౌన్లక్క ఇంటిముందు ఇనుపకంచె, పచ్చబోర్డు వెలిశాయి. 'పరస్పర అనురాగబద్ధులైన ఇరువురు స్త్రీమూర్తులు నివసించిన గృహం. రక్షిత కట్టడం. గోడలపై ఉమ్మరాదు.'

బోర్డు వెనకే కబురు కూడా వచ్చింది. రక్షిత కట్టడంలో మనుషులు కాపురముండటానికి వీల్లేదు. ప్రస్తుతం ఉంటున్న అక్కచెల్లెళ్ళు నెలాఖరుకి ఖాళీ చేయాలి.

ఇద్దరూ ఎస్టేటు ఆఫీసుకి వెళ్ళారు. గౌన్లక్క పెదాలు తడుపుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి పరాయి మనిషి ముందు ఆ మాట అంది.

"అయ్యా, బోర్డు మీది ఇద్దరూ మేమేనండీ."

అధికారి రుమాలుతో ముక్కు ఒత్తుకుని ఫైలు తిరగేశాడు. "మీరు అక్కచెల్లెళ్ళు కదమ్మా? ఇందులో ఉంది."

"అది పొరపాటండీ."

"అయ్యో. అంటే తప్పు వివరాలిచ్చి ఇల్లు తీసుకున్నట్టు. అప్పుడైతే వెంటనే ఖాళీ చేయాలి."

"పోనీ అక్కచెల్లెళ్ళమేనండీ."

"అప్పుడు బోర్డు మీద ఉన్నది మీరు కారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి." ఆయన ముఖం నిజంగానే బాధగా ఉంది. "ఏ సంగతీ చెప్పకపోతే మీకు నెలాఖరు దాకా టైముంటుందమ్మా. నా మాట వినండి, ఏమీ చెప్పకండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బయటికొచ్చాక బ్రేకులక్క మెట్ల మీద కూలబడింది. "బస్సు వెనక్కి తీద్దామంటే వెనక గోడ. ఇంతవరకూ ఇలా ఎప్పుడూ ఇరుక్కోలేదు" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి గౌన్లక్క దగ్గరికి జరిగింది. ఆ మెట్ల మీదే, అందరూ చూస్తుండగా, ఆవిడ తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. అటుగా పోతున్న లెక్కల మాస్టారు చూసి, "ఎంతైనా తోడబుట్టినవాళ్ళు" అనుకుంటూ వెళ్ళాడు.

ఆ సాయంత్రమే మైకు పిల్లని ఇంటికి పిలిపించారు. పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ మీద ఇద్దరి ఫోటో ఉంది, కుర్ర వయసులో, బస్సు ముందు.

"మీరా?"

"మేమే," అంది గౌన్లక్క. "లోపలికి రా తల్లీ, చెప్పులు పర్లేదు."

పిల్ల కుర్చీలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "పోయిన నెల మీకు సంతాప సభ కూడా పెట్టేశాం అక్కా. రెండు నిమిషాలు మౌనం కూడా పాటించాం."

"బాగా జరిగిందా?" అంది గౌన్లక్క.

"చాలామంది ఏడ్చారు."

"ఎంతమంది?" అంది బ్రేకులక్క, కుర్చీ ముందుకి జరుపుకుంటూ.

పిల్ల ఏడుపులోంచే నవ్వింది. ముక్కు తుడుచుకుని, తల వంచుకుని చెప్పింది. "ఇలా ఉండి పెద్దవాళ్ళయినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదక్కా. మేం చదివిన ప్రతి కథలోనూ చచ్చిపోతారు, లేకపోతే విడిపోతారు. మీరూ పోయే ఉంటారనుకున్నాం. బతికుంటారని తట్టనే లేదు."

గౌన్లక్క లేచి, ఆ పిల్ల చొక్కాకి ఊడిపోయిన బొత్తాం చూసి, ఒంటి మీద ఉండగానే కుట్టేసింది.

సంగతి సంఘంలో పెడితే అక్కడా చిక్కే వచ్చింది. సగంమంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం అనుమానపడ్డారు. తాము తలుచుకుని ఏడ్చినవాళ్ళు ఇంకా నాజూగ్గా ఉండేవారన్నారు. చివరికి మైకు పిల్ల వెళ్ళి ఎస్టేటు అధికారి బల్ల ముందు కూర్చుని, కదలనంది. ఆయనకి తుమ్ములు ఎక్కువయ్యాయి. ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. రక్షిత కట్టడంలో మనుషులు కాపురముండకూడదు కానీ, చూడవచ్చినవాళ్ళకోసం ఆ పాత్రలు ధరించే నటులు ఉండొచ్చు. వాళ్ళు అక్కడే వండుకోవచ్చు, పడుకోవచ్చు. అది కాపురం కిందకి రాదు, ప్రదర్శన కిందకి వస్తుంది. అయితే ఊరికే ఇవ్వడానికి లేదు. ఎంపిక జరగాలి.

ఎంపిక నాటకశాఖ హాల్లో జరిగింది. నాటకాల మాస్టారు జుట్టు ముడివేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. నాట్యం చదివే ఇద్దరమ్మాయిలు ముందు చేశారు. వాన వచ్చింది, బస్సు ఆగింది, ఇద్దరూ లేని బస్సుని తోస్తూ తోస్తూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకునేసరికి హాలంతా గుండెలు పట్టుకుంది. గౌన్లక్క కూడా కళ్ళు తుడుచుకుంది.

తర్వాత వీళ్ళ వంతు.

"మొదటి పరిచయం చేయండి," అన్నాడు మాస్టారు.

గౌన్లక్క వేదిక మీద పరిగెత్తింది. "ఆపు! నా మూట! ఆపవే!"

"మూట ఇరుక్కోలేదు," అంది బ్రేకులక్క, వేదిక మీద కుర్చీలో కూర్చుని.

"ఇరుక్కోకుండానే నేను ఆసుపత్రి దాకా పరిగెత్తానా?"

"నీకు పరుగంటే సరదా అనుకున్నా."

"ఈ ఒంటితోనా?"

"అప్పుడు ఈ ఒళ్ళు లేదుగా."

మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. "అమ్మా, ప్రేమ కనబడటం లేదు. మీరు ఆవిడని అసలు చూడటమే లేదే?"

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నానండీ," అంది గౌన్లక్క ఒగరుస్తూ. "చూడకపోయినా కనబడుతుంది."

మాస్టారు తల అడ్డంగా ఊపి ఏదో రాసుకున్నాడు. సహజత్వం చాలదని వీళ్ళకి రెండో స్థానం ఇచ్చాడు. తమ పాత్రలకి తామే పనికిరాకుండా పోయి ఇద్దరూ ఇంటికొచ్చి సామాన్లు కట్టుకున్నారు.

మూడు మూటలు కట్టాక, మొదటి స్థానం వచ్చిన నాట్యం పిల్లలు ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. మరుగుదొడ్డి తలుపు గడియ పడదని, పట్టుకుని కూర్చోవాలని గౌన్లక్క చూపించింది. వంటింట్లో కప్పు కారే చోటు, ఎలుక వచ్చే చోటు, ఆ ఎలుకకి కోపం వచ్చే వేళలు బ్రేకులక్క ఓపిగ్గా వివరించింది. పిల్లలిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. చారిత్రక ప్రేమంటే ఇంత కష్టమని తెలియదంటూ పాత్రలు వదులుకుని వెళ్ళిపోయారు. అలా రెండో స్థానంవాళ్ళకి పిలుపొచ్చింది. గౌన్లక్కా బ్రేకులక్కా తాత్కాలిక ప్రాతిపదిక మీద గౌన్లక్కగానూ బ్రేకులక్కగానూ నియమితులయ్యారు. షరతు ఒక్కటే, శనివారం పొద్దున కిటికీ తెరిచి ఉంచాలి, అనురాగబద్ధంగా కూర్చోవాలి. మార్కుల బృందం వచ్చి చూసి, నటన పేలవంగా ఉందని, కట్టడం మాత్రం బాగుందని రాసి వెళ్ళింది.

ఇదంతా సర్దుకున్నాక వచ్చాడు గౌన్లక్క అన్నయ్య.

ఆయన లారీలు తూకం వేసే కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏడాదికోసారి చెల్లెల్ని చూడటానికి వస్తాడు, పూట ఉండి వెళ్తాడు. కౌంటరు గుమస్తా ఏం రాసుకున్నాడో ఆయనకి తెలియదు. తనకి చెల్లెలు ఒక్కతేనని మాత్రం తెలుసు. ముప్ఫై ఏళ్ళలో బ్రేకులక్కని ఏ వరసా పెట్టి పిలవలేదు. "మీ డ్రైవరుగారు బాగున్నారా?" అని, ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే, చెల్లెల్ని అడుగుతాడు. అంతకు మించి అడిగిందీ లేదు, గౌన్లక్క చెప్పిందీ లేదు.

ఈసారి ఆయన బస్సు దిగి వచ్చేసరికి శనివారం, వీధి నిండా జనం. ఇంటికి పోదామంటే దారి లేదు. చేతిలో సంచితో గుంపు మధ్య చిక్కుకుపోయాడు. మైకులో అంతా విన్నాడు. లోపల కిటికీ పక్కన అనురాగబద్ధంగా కూర్చున్న గౌన్లక్కకి అన్నయ్య బట్టతల కనబడింది. కుర్చీలోంచి లేవబోయింది. బ్రేకులక్క కనిపెట్టి ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. గుంపు మురిసిపోయింది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది మైకు పిల్ల.

ఒక పెద్దాయన చెయ్యి మెల్లగా లేచింది. గౌన్లక్క కళ్ళు మూసుకుంది.

"వాళ్ళిద్దరూ..." అని ఆగాడాయన. "వాళ్ళిద్దరూ బాగుండేవాళ్ళామ్మా? అంటే, సుఖంగా?"

చెల్లెల్ని అడగలేనిది ముక్కూమొహం తెలియని పిల్లని అడుగుతున్నాడు. ఆ పిల్లకి ఆయనెవరో తెలియదు.

"రోజూ దెబ్బలాడుకుంటారండీ," అంది మైకు పిల్ల. ఇప్పుడు ఆ పిల్లకి అన్నీ తెలుసు. "ఫ్యాను ఎంత మీద తిరగాలి అని. కిటికీ తెరవాలా మూయాలా అని. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక మూట ఇరుక్కుందా లేదా అని."

అన్నయ్య కాసేపు తలూపుతూ నిలబడ్డాడు. పెళ్ళాంతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. "అయితే బాగున్నట్టే," అన్నాడు.

జనం కదిలి వెళ్ళాక లోపలికి వచ్చి సంచి దించాడు. గౌన్లక్క టీ పెట్టింది, సగం స్టవ్వు మీద పోసింది. అన్నయ్య ఆ టీ తాగుతూ ఇంటి కప్పు వైపు చూశాడు, గోడ మీద ఫోటో వైపు చూశాడు, తర్వాత బ్రేకులక్క వైపు చూశాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"ఏంటన్నయ్యా?" అంది గౌన్లక్క.

"వరస చూస్తున్నానే," అన్నాడు ఆయన చిరాగ్గా. "ఇన్నాళ్ళూ గాలికొదిలేశాను, అందాం అంటే దొరకట్లేదు. అక్కయ్యా అంటే మీరిద్దరూ అక్కచెల్లెళ్ళయిపోతారు, అది కుదరదు. వదినా అందామంటే నువ్వు నాకు అన్నయ్యవి కావాలి. నేను నీకంటే పెద్దవాణ్ణి, నిన్ను ఎత్తుకుని తిప్పాను, నిన్నెలా అన్నయ్యా అనను? మరదలా అందామంటే ఆవిడ నాకంటే మూరెడు పొడుగు, బాగోదు."

"పేరు పెట్టి పిలవండి, పర్లేదు," అంది బ్రేకులక్క.

"అలా ఎలా పిలుస్తానండీ? మర్యాద ఉండొద్దూ?" అని ఆయన మళ్ళీ వేళ్ళు మడవడం మొదలెట్టాడు. గౌన్లక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో ఆవిడకే తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి ముగ్గురూ కూర్చునే దాకా ఆ లెక్క నడుస్తూనే ఉంది. అన్నయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి మింగాడు. చెల్లెలి వైపు చూడకుండా, బల్లకి అవతల కూర్చున్న పొడుగు మనిషి కేసి తిరిగాడు.

"బావగారూ, ఆ ఉప్పు కాస్త ఇటు అందుకోండి."

బావగారు ఉప్పు అందించింది.